తిరుత్తణిలో సర్వేపల్లివారి ఇల్లు

వంశనామమును మన పెద్దలు 'ఇంటిపేరు' అనిరి. ఈ మాటలో ఒక వింత కలదు. పెక్కు ఇంటిపేర్లు కాపురమున్న యింటిని తెలుపవు. విడిచివచ్చిన యూరిని తెలుపును. ఊరు వదలి పోవువాడు గోడలను, దూలములను మోసికొని పోలేడు. ఊరి పేరును మాత్రము మోసికొని పోయి, క్రొత్తచోట దానినే తన యింటికి పేరుగా పెట్టుకొనును. అందుచేత తెలుగువాని ఇంటిపేరు అతని పూర్వుల ప్రయాణమునకు మిగిలిన సాక్ష్యము.

అట్టి యిల్లు ఒకటి తిరుత్తణిలో ఉండెను. ఆ యింటివారు సర్వేపల్లివారు. సర్వేపల్లి అను గ్రామము తిరుత్తణి సీమలోనిది కాదు. నెల్లూరు పట్టణమునకు దక్షిణముగా, నెల్లూరు జిల్లాలో ఉన్నది. ఆ గ్రామము విడిచి దక్షిణమునకు వచ్చిన నియోగి కుటుంబమొకటి సుబ్రహ్మణ్యస్వామి కొండ నీడను స్థిరపడెను. ఆ కుటుంబమున సర్వేపల్లి వీరాస్వామి, సీతమ్మ దంపతులకు పుట్టిన బిడ్డయే తరువాత భారతదేశమునకు రాష్ట్రపతియైన డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ మహనీయుని జీవితమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. ఆ యింటిని, ఆ యింటి చుట్టునున్న సీమను గూర్చి ఆలోచించినవారు తక్కువ. ఈ వ్యాసమునకు విషయము ఇల్లే.

మొదట తెలుగు కుటుంబములు ఈ సీమకు వచ్చుటకు కారణమేమో చూడవలెను. విజయనగర సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట ఆరవీటివంశపు రాజులు కొంతకాలము చంద్రగిరిని రాజధానిగా చేసికొని యేలిరి. చంద్రగిరికిని సముద్రతీరమునకును నడుమనున్న నేల యంతయు వారి నాయకుల యధీనములో ఉండెను. 1639లో ఇంగ్లీషు వర్తకులకు చెన్నపట్టణపు స్థలమునిచ్చిన దామర్లవారు కూడ ఆ నాయకులలోనివారే. పాలకుల భాష తెలుగగుటచేత లెక్కలు వ్రాయువారు, శిస్తు వసూలు చేయువారు, పండితులు, సైనికులు, నేతగాండ్రు ఉత్తరమునుండి దిగివచ్చిరి. తిరుత్తణి కార్వేటినగర సంస్థానములోని క్షేత్రము. ఆ సంస్థానమునకు కుంఫిణీవారు 1802లో శాశ్వత పైసలా ననుసరించి సనదు నిచ్చిరి. సారంగపాణి తన శృంగార పదములను వేణుగోపాల ముద్రతో తెలుగున రచించినది ఆ కార్వేటినగరములోనే. ఇట్లు సంస్థానపు కచేరి యందును, గుడి మండపమునందును, ఇండ్లలోను తెలుగు వినబడుచుండెను. వీథిలో తమిళమును దానితోపాటే వినబడుచుండెను.

క్షేత్రమన్నచో మఱియొక మాట చెప్పవలెను. తిరుత్తణి కొండకు 365 మెట్లు కలవని, సంవత్సరములోని దినమున కొక్క మెట్టు చొప్పున భక్తులు లెక్కించుకొందురు. ఆడికృత్తికకు కావడులు మోసికొని వచ్చువారిలో చిత్తూరు ప్రాంతపు తెలుగువారు నేటికిని విశేషముగా కనబడుదురు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) ఈ కొండమీదనే తొలికృతిని పాడిరని సంగీత సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కృతి సంస్కృతము. పాడినవాడు తమిళ దేశీయుడు. ఆ కొండక్రింది సంస్థానము తెలుగువారిది. మూడు భాషలును ఒకేచోట కలిసి యుండుట ఆ కాలమువారికి వింతగా తోచలేదు.

ఇక ఇంటి కట్టుబడి. ఈ సీమలోని పాతకాలపు ఇండ్లకు వీథివైపున తిన్నెలుండును. బాటసారి కూర్చుండుటకు, పిల్లలు చదువు వల్లించుటకు, పెద్దలు పంచాయితీ చెప్పుటకు అవియే తావులు. గడప దాటినచో నడవ. దాని వెనుక ఆకాశము కనబడునట్లు విడిచిన నడిమి వాకిలి. కోస్తావారు మండువా యనునది యిదియే. చుట్టును చూరు క్రింద వంటయిల్లు, దేవుని గది, ధాన్యముంచుకొను చోటు. వెనుక పెరడు, బావి. కలవారి యింట స్తంభములు నునుపుగా చెక్కబడియుండును; లేనివారి యింట కొయ్య మోటుగా ఉండును. కట్టుబడి తీరు మాత్రము ఒక్కటియే.

ఈ కట్టుబడిలోని పేర్లను కొంచెము వినవలెను. మనము తిన్నె యన్నదానిని తమిళులు తిణ్ణై యందురు. మన వాకిలి వారికి వాయిల్. మన దూలము వారికి తూలం. మన ఇల్లు వారికి ఇల్. పునాదినుండి కప్పు వరకు ఒక్కొక్క భాగమునకు రెండు భాషలవారును దాదాపు ఒకే మాట పలుకుచుండగా, ఇది తెలుగు గోడ, ఇది తమిళ గోడ యని విడదీయగల వడ్రంగి యెవడు? ఎల్ల గీయువారు పటముమీద గీయుదురు. ఇంటి లోపల అట్టి గీత గీయుటకు చోటులేదు.

రాధాకృష్ణన్ జన్మదినము 1888 సెప్టెంబరు 5 అని లెక్కలలో నున్నది. నేడు దేశమంతయు ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నది ఆ దినమునే. ఆ యాచారము 1962లో ఆరంభమైనది. కాని వారి కుమారుడును ప్రసిద్ధ చరిత్రకారుడును అగు సర్వేపల్లి గోపాల్, తండ్రి జీవితచరిత్రను వ్రాయుచు, అసలు తేది 1887 సెప్టెంబరు 20 అని తండ్రిగారే తలంచెడివారని తెలిపిరి. జన్మస్థలము తిరుత్తణి యని రాధాకృష్ణన్ స్వయముగా వ్రాసికొనిరి. చెంతనున్న వెంకటాపురమువారు తమ గ్రామమును ఆయన జన్మగ్రామముగా చెప్పుకొందురు. ఇంత ప్రసిద్ధుని విషయములోనే తేదికి రెండు మాటలు, ఊరికి రెండు మాటలు వినవచ్చుచుండగా, సామాన్య కుటుంబముల సంగతి చెప్పవలయునా? ఆ కాలమున బిడ్డ పుట్టిన గడియను జాతకపుటాకు తెలిపెడిది, లేదా తల్లి జ్ఞాపకము తెలిపెడిది. ఆకు చెదలు తినెను, తల్లి గతించెను, బడిలో చేర్చినప్పుడు వ్రాయించిన తేదియే చరిత్రయైనది.

వీరాస్వామిగారు స్థానిక జమీందారు కొలువులో శిస్తు విభాగమున చిన్న యుద్యోగి. ఇల్లు పేదది. పేదయింటికి చదువు ఎట్లు వచ్చునో చూచినచో ఆ యింటి చరిత్ర సగము తెలియును. బాలుడు తొలిచదువు తిరుత్తణిలో చదివెను. 1896లో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చేరెను. 1900లో వేలూరునకు, అక్కడి ఊరీసు కళాశాలకు పోయెను. 1904లో మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ప్రవేశించెను. ఈ నాలుగు చోట్లను కలుపునది రైలుబాట. మద్రాసునుండి బొంబాయి దిక్కునకు పోవు మార్గము 1871 నాటికి రాయచూరు వద్ద సంధింపబడెను. తిరుత్తణి ఆ మార్గముమీది స్టేషను. రైలు రానిచో ఆ యింటి పిల్లవాని చదువు తిన్నెమీదనే ముగిసియుండునేమో.

ఆ పిల్లవాడు తత్త్వశాస్త్రమును కోరి యెన్నుకొనలేదు. అప్పుడే పట్టభద్రుడైన సోదరవరుస బంధువొకడు తన పాఠ్యపుస్తకముల నిచ్చెను. అవి తత్త్వశాస్త్ర గ్రంథములు. క్రొత్త పుస్తకములు కొనుటకు సొమ్ములేదు. కనుక తత్త్వమే చదువైనది. ఈ సంగతిని రాధాకృష్ణన్ తామే చెప్పుకొనిరి. తూర్పు తత్త్వమును పడమటి దేశములకు వివరించిన మహాపండితుని జీవితములో తొలిమలుపు ఒక పాతపుస్తకముల కట్టవలన కలిగెను. పేదకుటుంబములలో అన్న చదివిన పుస్తకము తమ్మునికి, తమ్ముడు చదివినది మేనల్లునికి పోవుట మనమెల్లరము ఎరిగినదే. ఆ చేతిమార్పులోనే ఈ దేశపు భాగ్యము కొంత దాగియుండెను.

ఇల్లన్నచో అందలి స్త్రీలను మరువరాదు. సీతమ్మగారిని గూర్చి గ్రంథములలో రెండు మూడు వాక్యములకు మించి కనబడవు. 1903లో రాధాకృష్ణన్‌కు దూరపు బంధువైన శివకామమ్మతో వివాహమైనది. ఐదుగురు కుమార్తెలకును, ఒక కుమారునకును ఆమె తల్లి. భర్త మైసూరు (1918), కలకత్తా (1921), వాల్తేరు (1931), ఆక్స్‌ఫర్డు (1936), కాశి (1939), మాస్కో (1949) అని పదవినుండి పదవికి పోవుచుండగా సంసార భారమును వహించినది ఆమెయే. భర్త ఉపరాష్ట్రపతిగా నుండగా 1956 నవంబరులో ఆమె గతించెను. మన సంప్రదాయములో ఆడుబిడ్డ ఇంటిపేరు పెండ్లితో మారును. పుట్టింటి పేరు వెనుకబడును. కావున ఇంటిపేర్లను బట్టి వ్రాసిన చరిత్రలో సగము మంది ప్రయాణము కనబడకయే పోవును. వంట, పాట, నోము, పిల్లలకు నేర్పిన తొలిమాట, ఇవి యెల్ల ఎవరి పుట్టింటినుండి వచ్చినవో వ్రాసికొన్నవారు లేరు.

రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931నుండి 1936వరకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. ఆ పరిషత్తు 1926లో వెలసినది. దాని తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు, రెండవవారు రాధాకృష్ణన్, పిమ్మట మరల రెడ్డిగారే. రెడ్డిగారి కట్టమంచి చిత్తూరు చెంతనున్నది. వీరిద్దరును పుట్టునాటికి చిత్తూరును, తిరుత్తణియును ఒకే ఉత్తరార్కాడు జిల్లాలోనివి. తెలుగునేలకు దక్షిణపు కొసనుండి, తమిళముతో కలసిమెలసి పెరిగిన సీమనుండి వచ్చిన ఇద్దరు, ఉత్తరపు కొసనున్న వాల్తేరులో తెలుగువారి విశ్వవిద్యాలయమునకు పునాదులు గట్టిపరచిరి. ఎల్లసీమవారు భాషాభిమానమున వెనుకబడినవారని యెవరైనను తలంచినచో ఈ రెండు పేర్లును చాలిన సమాధానము.

ఆ యిల్లు కదలలేదు. దాని చుట్టును పాలనపు ఎల్లలు పలుమార్లు కదలినవి. 1888లో అది ఉత్తరార్కాడు జిల్లాలోనిది. 1911 ఏప్రిలు 1న చిత్తూరు జిల్లా యేర్పడగా తిరుత్తణి అందులో చేరెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరింపగా ఆ రాష్ట్రములోనిదయ్యెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశములోనిదయ్యెను. తిరుత్తణి తమిళ ప్రాంతమని మ. పొ. శివజ్ఞానము, మంగళంకిళార్ మున్నగువారు ఉద్యమము నడపిరి. కేంద్ర ప్రభుత్వము మధ్యవర్తిగా నియమించిన పటాస్కరు ఇరుప్రక్కలను విచారించెను. ఆయన తీర్పు ననుసరించి 1959లో శాసనము పుట్టెను. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, పుత్తూరు, చిత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామములును మద్రాసు రాష్ట్రమునకు పోయెను; తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. తిరుత్తణి చెంగల్పట్టు జిల్లాలో చేరెను. 1969లో మద్రాసు రాష్ట్రము తమిళనాడు ఐనది. 1997లో తిరువళ్ళూరు జిల్లా వేరుపడగా, వీరరాఘవస్వామి కొలువైన తిరువళ్ళూరు ఆ యింటికి జిల్లా ముఖ్యపట్టణమైనది.

1960లో ఈ మార్పు జరిగిననాడు ఆ యింటి బిడ్డ భారతదేశపు ఉపరాష్ట్రపతి. రెండేండ్లకు, 1962 మే 13న, రాష్ట్రపతియయ్యెను. ఒక రాష్ట్రములో పుట్టినట్లు చెప్పబడిన ఊరు, ఆయన కన్నులయెదుటనే వేరొక రాష్ట్రమునకు చేరెను. ఆయన పేరును చూడుడు: 'సర్వేపల్లి' నెల్లూరిసీమ తెలుగు, 'రాధాకృష్ణ' సంస్కృతము, చివరి 'న్' తమిళము. పటాస్కరుగారు ఎంత శ్రమపడినను ఈ పేరును నడుమ గీత గీసి పంచలేకపోయెడివారు. తెలుగువారు ఆయన మావాడందురు, తమిళులును మావాడందురు. ఇరువురి మాటయు నిజమే. ఒక యింటిమీద ఇద్దరికి హక్కుండుట తగవునకు కారణము కానక్కరలేదు. తిన్నెకు రెండు వైపుల మెట్లుండవచ్చును గదా.

పదవీవిరమణానంతరము, 1967 తరువాత, రాధాకృష్ణన్ మద్రాసు మైలాపూరులోని 'గిరిజ' అను తమ గృహమున నివసించి 1975 ఏప్రిలు 17న పరమపదించిరి. ఆ గృహమున్న ఎడ్వర్డు ఇలియట్సు రోడ్డు నేడు ఆయన పేరిటనే డాక్టరు రాధాకృష్ణన్ శాలై యని పిలువబడుచున్నది. తిరుత్తణిలోని కుటుంబపు ఇల్లు పిమ్మట గ్రంథాలయమునకు తావైనది. పుస్తకములు కొనలేని యింట పుస్తకములు చేరుటకంటె ఆ యింటికి తగిన సద్గతి వేరొకటి లేదు.

ఐతే ఈ సద్గతి ఒక్క యింటికి పట్టినది. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట, తిరువళ్ళూరు ప్రాంతముల తెలుగు కుటుంబముల పాత ఇండ్ల సంగతి యేమి? ఆ యింటివారిలో రాష్ట్రపతి పుట్టలేదు. కావున వ్రాయువారు లేరు. కరణము, నేతగాడు, రైతు, బడిపంతులు, పురోహితుడు, ఇట్టివారు తరతరములు కాపురమున్న యిండ్లవి. వాటి చరిత్ర పోయిన తీరు కూడ చెప్పదగినదే. పూర్వము గ్రామపు లెక్కలు కరణము ఇంటిలోనే ఉండెడివి. ఆ యిల్లే ఊరికి దస్తరము. 1948 నాటి శాసనముచే జమీందారీలు రద్దగుటతో సంస్థానపు కాగితములకు విలువ తగ్గెను. 1960తో ఆ గ్రామముల ప్రభుత్వపు లెక్కల భాష మారెను. తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను వంశపారంపర్యపు కరణీకములు రద్దయ్యెను. అటకమీది పెట్టెలో తాతగారి తెలుగు దస్తావేజు ఉండును. మనుమనికి ఆ లిపి చదువరాదు. అది ఎక్కువ ఖరీదైన పొలమును గూర్చినదో, పనికిరాని చిత్తుకాగితమో తెలియక, ఇల్లు పడగొట్టునాడు పెట్టెతో కూడ పారవేయుదురు.

పెట్టె పోయినను నోటిలో మిగిలియుండవలసినది ఇంటిపేరు. అదియును జారిపోవుచున్నది. తమిళనాట తండ్రిపేరు తొలియక్షరము వాడుట ఆచారమగుటచేత, బడిలో చేర్చునప్పుడు మనవారు ఇంటిపేరు వ్రాయించుట మానిరి. రెండు తరములు గడచుసరికి ఇంట తెలుగు మాటలాడు పిల్లవానికే తన ఇంటిపేరు తెలియదు. తెలిసినను అది యే జిల్లాలోని యూరో తెలియదు. ఇందు తమిళులు చేసిన యపకారమేమియు లేదు. అడిగి చెప్పించుకొనవలసినవారు అడుగలేదు, చెప్పవలసినవారు చెప్పలేదు.

మన సంఘములు ఉగాదికి కవిసమ్మేళనములు, సన్మానములు జరుపుచున్నవి; జరుపవలసినదే. దానితోపాటు మఱియొక చిన్నపని చేయవచ్చును. ప్రతి సభ్యుడును తన యింటిలోని వృద్ధులను ఈ అయిదు ప్రశ్నలు అడిగి వ్రాసి తేవలెను: మన ఇంటిపేరుగల యూరు ఎచ్చట? ఆ యూరు విడిచినవారెవరు, ఏ పనికై వచ్చిరి? ఈ యిల్లు ఎవరు కట్టిరి? ఈ యింటికి కోడండ్రుగా వచ్చినవారి పుట్టిండ్ల పేరులేమి? పెట్టెలో తెలుగు కాగితములేవైన నున్నవా? చదువలేనివారికి చదువ నేర్చినవారు చదివిపెట్టవలెను. ఇందుకు శాసనము అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక చాలును.

సర్వేపల్లి విడిచివచ్చిన ఆ తొలిమనిషి పేరు సామాన్యముగా ఎవరికిని తెలియదు. ఆయన తన ఊరిపేరును మాత్రము విడువలేదు. ఆ పేరే తిరుత్తణి వీథిలోని చిన్న యింటినుండి బయలుదేరి ఢిల్లీలోని రాష్ట్రపతి భవనమును చేరెను. మన యిండ్ల పేర్లు అంతదూరము పోకపోవచ్చును. మన మనుమల నోటివరకైనను చేరవలెను గదా.